తోసింది నేనే అన్న అయ్యవారు

“నేనే తోశానమ్మా. తమ్ముణ్ణి నేనే తోశాను,” అన్నారు శంకరనారాయణ అయ్యవారు.

ఈ ముక్క ఆయన మొన్నటినించీ అంటూనే ఉన్నారు. పోలీసులతో అన్నారు, పాలు పోయడానికి వచ్చినవాడితో అన్నారు, ఇప్పుడు సింధూరితో అంటున్నారు. అది నిజమో అబద్ధమో సింధూరికి అంతుపట్టలేదు. ఆమెకు అంతుపట్టకపోవడమంటే సామాన్యమైన సంగతి కాదు. డిటెక్టివ్ పని మొదలుపెట్టకముందు ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఏళ్ళ తరబడి ఊరందరి గొంతులూ విన్న మనిషి. అవతలివాడు బొంకుతుంటే మాట పూర్తికాకముందే పట్టేస్తుంది. చింతాద్రిపేటలో ఆమె పెట్టుకున్న చిన్న ఆఫీసు నడుస్తున్నదే ఆ చెవి మీద.

అలాంటి చెవికి అయ్యవారి గొంతులో ఏమీ దొరకలేదు. ఎత్తూ లేదు, దించడమూ లేదు. పార్కిన్సన్స్ జబ్బు ఆయన చేతుల్ని వణికించింది, కాళ్ళను బిగించింది, మొహంలో కదలిక లేకుండా చేసింది, చాలక గొంతును కూడా చదును చేసి కూర్చుంది. సాంబారులో ఉప్పు తక్కువైందన్నా అదే గొంతు, తమ్ముణ్ణి తోశానన్నా అదే గొంతు. ఇక ఏది పట్టుకుని నమ్మడం, ఏది పట్టుకుని నమ్మకపోవడం?

జరిగింది చెప్పుకుంటే నాలుగు ముక్కలే. వాషర్‌మెన్‌పేటలోని ఈ పాత ఇంట్లో ఉండేది ముగ్గురు: లెక్కల అయ్యవారుగా రిటైరైన శంకరనారాయణ, ఆయన భార్య సీతమ్మ, పెళ్ళాం పోయాక అన్న దగ్గరికి వచ్చి మేడమీద గదిలో ఉంటున్న తమ్ముడు కోదండరాం. మొన్న పొద్దున కోదండరాం మేడమెట్ల మీదనుంచి దొర్లి ముంగిట్లో పడ్డాడు. భుజం విరిగింది, తల పగిలింది. ఆసుపత్రిలో నాలుగో అంతస్తులో పడుకోబెట్టారు. కళ్ళు తెరుస్తున్నాడు, ఇచ్చింది మింగుతున్నాడు, మాట మాత్రం రావడం లేదు. బెంగుళూరునుంచి కూతురు హైందవి పరుగెత్తుకొచ్చి మంచం పక్కనే కూర్చుంది. ఈ సాయంత్రం అయ్యవారిని మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోతామని ఇన్స్పెక్టర్ కబురు పెట్టాడు. అన్నం కూడా తనంతట తాను కలుపుకోలేని మనిషి జైలుగదిలో ఎన్నాళ్ళుంటాడు? అందుకే సీతమ్మ సింధూరిని పిలిపించింది.

“ఎట్ట తోశారు అయ్యవారూ? చేత్తోనా?”

“చేత్తోనే.”

“ఏ చేత్తో?”

ఆయన తన రెండు చేతులూ చూసుకున్నారు. ఎవరివో చూసినట్టు చూసుకున్నారు.

“తెలీదమ్మా.”

“తోసేటప్పుడు ఆయన మీవైపు తిరిగుండాడా, వీపు పెట్టుండాడా?”

“కనపడలే. పిల్లకాయలు అడ్డం నిలబడుండారు.”

“ఏం పిల్లకాయలు?”

“లెక్కలు రానోళ్ళు. అదో, ఆ మూల కూచోనుండారే. హోంవర్కు చెయ్యలే ఒక్కడూ.”

మూలలో బియ్యం డ్రమ్ము తప్ప మరేమీ లేదు. అయ్యవారు గాల్లోంచి కనపడని దారమేదో పట్టుకుని, మెల్లగా లాగి, వేలికి చుట్టుకోసాగారు.

“పది దినాలుగా ఇదే వరస అమ్మణ్ణీ,” అంది సీతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. “ఒక పూట బాగుంటారు. ఒక పూట నన్నే ఎవురు నువ్వంటారు. జబ్బు ముదిరిందేమో అనుకున్నా.”

సింధూరికి తల తిరిగింది. ఏ చెయ్యో తెలియదు, తమ్ముడి మొహం ఎటుందో తెలియదు, లేని పిల్లలు ఉన్నారు. తోశానన్నది ఒక్కటే మేకు కొట్టినట్టు తెలుసు. చేసిన పని గుర్తులేని మనిషికి చేశానన్న సంగతి ఎలా గుర్తుంది?

ఆ ముడి విప్పుకునేలోగా ఇన్స్పెక్టర్ భక్తవత్సలం లోపలికి వచ్చేశాడు. గడపలోనే నవ్వు మొదలుపెట్టాడు.

“ఓహో, డిటెక్టివ్ అమ్మ ముందే వచ్చేసిందా! కాఫీ తాగేశారా, కేసు కూడా తేల్చేశారా?”

“రెండూ మీకోసం పెట్టుకోనుండాము సార్. చల్లారిపోయినాయి.”

పోయిన ఏడాది మనలి శివార్లలో ఒక గోడౌను దొంగతనంలో భక్తవత్సలం పట్టుకున్నవాడు దొంగ కాదని సింధూరి నిరూపించింది. పేపర్లో ఆమె ఫొటో వేశారు, ఆయన పేరు వేశారు. ఏ సందర్భంలో వేశారన్నది ఆయన ఇంతవరకు మరిచిపోలేదు.

“వ్యాను దారిలో ఉండాది. వచ్చేదాకా మీ ఇష్టం, ఆడుకోండి,” అని ఆయన కుర్చీ లాక్కున్నాడు. “తోసినాయన తోశానంటా ఉండాడు. ముందుదినం అన్నదమ్ములు గొడవ పడినారు. పక్కింట్లో ఉండే ఆంటో అనే ఆయన గోడ అవతలనుంచి విన్నాడు. ‘రాత్రంతా నన్ను గురించి ఏం గుసగుసలాడతా ఉండారు మీరిద్దరూ?’ అని తమ్ముడు అరిచినాడంట. పగ ఉండాది, ఒప్పుకోలు ఉండాది. అప్పురం ఇంకేం కావాల?”

“కాళ్ళు కావాల,” అంది సింధూరి. “ఆయన ఈ గదిలోనుంచి ఆ గదిలోకి పోవాలంటేనే గడప దగ్గర బిగిసిపోతారు. మెట్లెక్కి ఎట్ట తోస్తారు సార్? మీరేమన్నా భుజమ్మీద ఎక్కించుకోని పోయినారా?”

తన మాటకు తనే మురిసిపోయింది. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు.

“చూద్దాంపా,” అని లేచాడు భక్తవత్సలం. అయ్యవారిని చెయ్యిపట్టి లేపాడు. హాలు దాటేసరికి ఆయన ఆపసోపాలు పడ్డారు. గడప దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. ఒళ్ళు ముందుకు వంగింది గానీ పాదం లేవలేదు. సీతమ్మ వచ్చి గడప దాటించింది. ముంగిట్లో మేడమెట్ల దగ్గరికి తెచ్చి నిలబెట్టగానే మాత్రం అయ్యవారు కుడికాలు ఎత్తి మొదటి మెట్టుమీద వేశారు, ఎడమకాలు రెండో మెట్టుమీద వేశారు, గోడ కూడా పట్టుకోకుండా చకచకా పైదాకా ఎక్కి, అక్కడ నిలబడి కిందికి చూశారు.

“మా పెద్దనాయనకీ ఇదే జబ్బు,” అన్నాడు భక్తవత్సలం మీసం దువ్వుకుంటూ. “చదును నేలమీద రాయి. మెట్లు కనపడినాయంటే మేకపిల్ల. కంటికి గీత కనపడితే కాలికి దారి తెలుస్తాదంట. మీ ఎక్స్ఛేంజిలో ఇది చెప్పలేదా అమ్మా?”

చేతిలో ఉన్న ఒక్క ఆధారమూ ఆ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

దిగడం మాత్రం అంత సులువుగా కాలేదు. ఇన్స్పెక్టరూ సీతమ్మా చెరోపక్క పట్టుకుని ఒక్కో మెట్టే దింపి, ఆయన్ని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టారు. సింధూరి ఆయన పక్కనే ముక్కాలిపీట మీద కూలబడింది. ఏదో ఒకటి చెయ్యాలి గనుక ఆయన మొహం తుడుద్దామని భుజంమీది తువ్వాలు తీసింది. తువ్వాలు పెళపెళలాడుతోంది. ఆయన పెదవులు ఎండి, పళ్ళకు అంటుకుపోయి ఉన్నాయి.

“పెద్దమ్మా, ఈ జబ్బులో నోట్లో నీళ్ళూరి కారిపోతాయంటారే. ఈయనకి లేదా?”

“కారకేం! దినానికి మూడు తువ్వాళ్ళు తడిపేసేవాళ్ళు. ఈ పది దినాలుగా చుక్క లేదు. ఆ దేవుడు అదొక్క మేలన్నా చేసినాడనుకున్నా.”

సింధూరి అయ్యవారి గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పింది. ముంగిట్లోనుంచి ఎండ నేరుగా కళ్ళలో పడుతున్నా కంటిపాపలు చీకట్లో ఉన్నవాడికిమల్లే పెద్దగా విచ్చుకుని ఉన్నాయి. నుదురు ముట్టుకుంటే పొడిగా, వేడిగా తగిలింది. ఆమెకు వైద్యం తెలియదు. తెలియనప్పుడు తెలిసినవాళ్ళను అడగాలన్నది మాత్రం బాగా తెలుసు. అయ్యవారికి మందులిచ్చే డాక్టర్ చిన్మయికి ఫోన్ చేసింది. విజయవాడనుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ పిల్ల, మాట తొందర, మనసు మంచిది.

“డాక్టరమ్మా, ఈయనకి లేని మనుషులు కనపడతా ఉండారు. మీ మాత్ర వల్లేనా?”

“అయ్యుండొచ్చండీ. ఈ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుంది. మాత్రతో నింపుతాం. ఎక్కువైతే లేని మనుషులు కనిపిస్తారు.”

“నోరు కూడా ఎండిపోతాదా? కంటిపాపలు ఇంతింత అవుతాయా? గాల్లోంచి దారాలు లాగతా ఉండారు.”

“అది డోపమైన్ కాదండీ. ఎసిటైల్‌కోలిన్ అని ఇంకోటుంది. పులుసులో పులుపూ తీపీ ఎలాగో మెదడులో ఈ రెండూ అలాగ. ఒకటి తగ్గితే రెండోది పైకి లేస్తుంది. మీరు చెప్పేది చూస్తే ఎసిటైల్‌కోలిన్‌ని ఏదో మందు అడ్డుకుంటోంది. నోట్లో నీరూరాలన్నా అదే కావాలి, కొత్త సంగతి బుర్రలో నిలవాలన్నా అదే కావాలి. ఆయనకి అలాంటి మందు నేను రాయలేదే!”

“బుర్రలో నిలవదంటే? ఆ పూట జరిగింది గుర్తుండదా?”

“సరిగ్గా ఉండదండీ. ఎవరైనా ఇదిగో ఇలా జరిగిందని చెబితే నమ్మేస్తారు.”

“అట్టాంటి మందు ఎవురికి ఇస్తారమ్మా?”

“మానసిక జబ్బులున్నవాళ్ళకి ఎక్కువ ఇస్తామండీ. కొందరికి చెవిలో మాటలు వినిపిస్తాయి, అందరూ తమ గురించే గుసగుసలాడుతున్నారనుకుంటారు. వాళ్ళకి డోపమైన్‌ని అణిచే మందిస్తాం. అణిస్తే ఒళ్ళు వణుకుతుంది. ఆ వణుక్కి ఈ రెండో మందు. రెండూ కలిపి ఒకే మాత్రగా కూడా దొరుకుతుంది. ఆ ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా?”

గుసగుసలు! ఆంటో విన్న మాట సింధూరి చెవిలో గిర్రున తిరిగింది. ఫోన్ పెట్టేసి సీతమ్మ వైపు చూసింది.

“పెద్దమ్మా, ఈ ఇంట్లో మానసిక జబ్బుకు మందు మింగేది ఎవురు?”

“ఎవురూ లేరే. మాకేంటికమ్మా అట్టాంటి జబ్బులు?”

అయ్యవారి దగ్గర పనిచేయని చెవి ఇక్కడ పనిచేసింది. ఆ ‘లేరే’ అన్నమాట చివర సన్నని వణుకు. సింధూరి ఇంకేమీ అడగలేదు. తిన్నగా మేడమీద కోదండరాం గదికి వెళ్ళింది. భక్తవత్సలం నవ్వుకుంటూ వెనకే ఎక్కాడు.

గది చూడగానే ఆయన నవ్వు కాస్త సన్నబడింది. కిటికీ సందుల్లో పేపరు ముక్కలు కుక్కి ఉన్నాయి. తాళంచెవి కన్నంలో గుడ్డపీలిక దూర్చి ఉంది. కింద అన్నగారి గదికి దారితీసే పాత నీళ్ళగొట్టం మూతికి సబ్బుముద్ద మెత్తి ఉంది. రేడియో వైరు కత్తిరించి ఉంది. సబ్బు ఇంకా మెత్తగానే ఉంది. ఇదంతా ఈమధ్య చేసిన పని.

“దోమలకోసం అయ్యుంటాది,” అన్నాడు భక్తవత్సలం. ఆయనకే నమ్మకం కుదిరినట్టు లేదు.

సింధూరి చొక్కాజేబులూ, షేవింగ్ డబ్బా, ఊళ్ళకు తీసుకెళ్ళే సంచీ అన్నీ వెతికింది. సంచీ పక్కజేబులో ఒక మాత్రల అట్ట దొరికింది. ఒక మాత్ర నొక్కి అరచేతిలో వేసుకుంది. తెల్లగా, గుండ్రంగా, నడుమ గీతతో ఉంది. అట్టమీద పేరు చదివి చిన్మయికి ఫోన్‌లో వినిపించింది. “అదేనండీ, రెండూ కలిపిన మాత్ర,” అంది చిన్మయి.

కిందికి దిగి, “అయ్యవారి మాత్రలు ఏడబెట్టుండారు?” అని అడిగింది.

సీతమ్మ వంటింట్లోంచి ఇత్తడి పోపులపెట్టె తెచ్చి ముందు పెట్టింది. గుండ్రటి పెట్టెలో చిన్నచిన్న గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మెంతులు. వాటి మధ్య రెండు గిన్నెల్లో తెల్ల మాత్రలు. ఒక గిన్నె అంచుకు కుంకుమ బొట్టు, ఇంకోదానికి పసుపు బొట్టు.

“కుంకుమ ఆయనది,” అంది సీతమ్మ. “పసుపు... మా మరిదిది.”

“అట్టల్లో ఎందుకు పెట్టలే?”

“ఈయన చేతులు వణుకుతాయి గదా, అట్టలోంచి తీసుకోలేరు. ఆయనవైతే...” సీతమ్మ తల వంచుకుంది. “హైందవికి సంబంధం నిశ్చయమైయుండాది. అబ్బాయోళ్ళు వస్తా పోతా ఉంటారు. అట్టమీద పేరు చూసి ఫోన్లో కొడితే చాలు గదా, ఏం జబ్బో చెప్పేస్తాది. అందుకే తెచ్చిన దినమే మాత్రలన్నీ విడిపించేసి అట్టలు కుప్పతొట్టిలో పారేస్తాను. వయసులో ఉన్నప్పుడొచ్చిన జబ్బమ్మా అది. మందు మింగతా ఉంటే ముప్పై ఏండ్లుగా ఆయన మాదిరి నెమ్మదస్తుడు లేడు.”

సింధూరి కుంకుమ గిన్నెలోంచి ఒక మాత్ర తీసి, అట్టలోంచి తీసిన మాత్ర పక్కన పెట్టింది. నడుమ గీత. అదే సైజు, అదే అంచు. పసుపు గిన్నెలోవి నున్నగా, కొంచెం ఉబ్బుగా ఉన్నాయి.

“పెద్దమ్మా, ఈ పెట్టె ఎప్పుడు తోమినారు?”

“పోయిన శుక్రవారానికి ముందు శుక్రవారం. పూజకని చింతపండు వేసి...” అంటూండగానే సీతమ్మకు అర్థమైంది. బొట్లు ఆ చింతపండుతో పోయాయి. గిన్నెలు తుడిచి మళ్ళీ బొట్లు పెట్టింది తనే, దీపం వెలిగించే తొందరలో. ఆమె అట్లాగే నేలమీద కూర్చుండిపోయింది. “నా చేత్తోనా? నా చేత్తోనే పెట్టినానా అమ్మణ్ణీ?”

సింధూరి ఆమె భుజం పట్టుకుంది. డోపమైన్ తక్కువైన అన్నకు దాన్ని ఇంకా అణిచే మాత్ర వెళ్ళింది; ఎక్కువై బాధపడే తమ్ముడికి దాన్ని ఇంకా నింపే మాత్ర వెళ్ళింది. ఇద్దరికీ ప్రేమగా, వేళకు, మంచినీళ్ళతో.

“నల్ల కథ, బాగుండాది,” అన్నాడు భక్తవత్సలం. “మాత్ర మారింది, శరి. మతి పోయింది, శరి. మతిపోయి తోసినాడు అంటాను నేను. తోయలేదని మాత్ర చెప్తాదా?”

ఆ మాటా నిజమే. సింధూరి సీతమ్మ పక్కన నేలమీద కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“పెద్దమ్మా, ఆ పొద్దున మీరేం విన్నారు? వంటింట్లోనే గదా ఉండారు. చెప్పకుండా దాచింది ఇంకేదో ఉండాది.”

సీతమ్మ భర్త వైపు చూసింది, ఇన్స్పెక్టర్ వైపు చూసింది. ఏడుస్తూ చెప్పేసింది.

“మరిది అరిచినాడు. మెట్లపైనుంచి. ‘అన్నా, తోయొద్దు! అన్నా, తోయొద్దు!’ అని.”

“చూశారా!” భక్తవత్సలం లేచి నిలబడ్డాడు. “తోయొద్దు అన్నాడంటే తోసినట్టే గదమ్మా!”

“ఉండండి సార్. పెద్దమ్మా, అరుపు వినంగానే మీరేం చేశారు?”

“పరిగెత్తినా. నేను బయటికి రావడమూ ఆయన కింద పడడమూ ఒకటే.”

“అప్పుడు అయ్యవారు ఏడుండారు?”

“హాల్లో. గడప ఇవతల. కాళ్ళు అతుక్కోని నిలబడుండారు. ఆ అరుపు చెప్తే ఈయన్నే పట్టుకుంటారని...”

సింధూరి ఇన్స్పెక్టర్ వైపు తిరిగింది. “మీరే గదా ఎక్కించి చూపినారు. ఎక్కడం సరే. దింపడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది. మెట్లపైన తోసిన మనిషి, తమ్ముడు నేల తాకేలోపల దిగొచ్చి, చదును నేలమీద నడిచి, ఎవురూ చెయ్యి పట్టకుండా గడప దాటి లోపల నిలబడుండాడా?”

“పెళ్ళాం చెప్పే సాక్ష్యమమ్మా ఇది,” అన్నాడు ఆయన. గొంతులో బిగువు మాత్రం తగ్గింది.

అప్పుడు అయ్యవారు నోరు విప్పారు. అదే చదును గొంతు.

“వాడే చెప్పినాడు గదమ్మా. అన్నా తోయొద్దన్నాడు. కోదండం ఎప్పుడూ నాతో అబద్ధం చెప్పలే. వాడు చెప్పినాడంటే నేను తోసేయుంటాను.”

ఇన్స్పెక్టర్ ఫోన్ మోగింది. ఆసుపత్రిలో కాపలా పెట్టిన కానిస్టేబుల్ పళని. భక్తవత్సలం వింటూ వింటూ ఛాతీ విరుచుకున్నాడు.

“మాట వచ్చేసిందంట! అన్నే తోశాడని తమ్ముడే చెప్పేసినాడు. ఇప్పుడేమంటారు డిటెక్టివ్ అమ్మా? అన్న ఒప్పుకున్నాడు, తమ్ముడు చెప్పినాడు. మీ పోపులపెట్టె ఒక్కటే కాదంటా ఉండాది...”

మాట సగంలో ఆగిపోయింది. ఆయన మొహం తెల్లబోయింది. ఫోన్ చెవిదగ్గరే ఉంచుకుని, కుర్చీలో ఉన్న అయ్యవారిని కళ్ళప్పగించి చూశాడు.

“ఏమైంది సార్?”

“అన్న ఇప్పుడు కూడా మంచం పక్కనే నిలబడి తోస్తా ఉండాడంట. తప్పించుకోవాలని... కిటికీ ఎక్కి కూర్చున్నాడంట. ఎవురన్నా దగ్గరికి పోతే దూకేస్తానంటా ఉండాడు.”

సింధూరి సీతమ్మ వైపు తిరిగింది. “పెద్దమ్మా! ఆసుపత్రిలో ఆయనకు మాత్రలు ఎవురిచ్చినారు?”

“ఇంట్లో వాడేవే తెమ్మన్నారు అమ్మణ్ణీ,” అంది సీతమ్మ. “పసుపు గిన్నెలోవి హైందవి చేతికిచ్చినా. నిన్నా ఇచ్చినా, ఈ పొద్దూ ఇచ్చినా.”

సింధూరి ఇన్స్పెక్టర్ చేతిలోంచి ఫోన్ లాక్కుంది. “పళనీ, స్పీకర్లో పెట్టు. ఆయనకి వినపడేట్టు ఎత్తి పట్టుకో. దగ్గరికి మాత్రం పోవద్దు. నర్సుతో చెప్పు, ఇంటి మాత్రలు ఇంక ఒక్కటి కూడా లోపలికి పోకూడదు.” తర్వాత ఫోన్ అయ్యవారి నోటి దగ్గర పెట్టింది. “మాట్లాడండి అయ్యవారూ. మీరు ఈడుండారని మీ తమ్ముడికి చెప్పండి. మీరు చెప్తేనే నమ్ముతాడు.”

ఆయన ఎండిన పెదవులు విడివడ్డాయి. మాట రాలేదు. సీతమ్మ పరుగున గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఒక గుక్క పట్టించింది. అవతల హైందవి ఏడుపు, దూరంగా బస్సుల హారన్లు, కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తున్నాయి.

“ఒరే కోదండం,” అన్నారు అయ్యవారు. “నేను ఈడుండాన్రా. ఇంట్లో. కుర్చీలో కూచోనుండా.”

అవతల కిటికీ చప్పుడు ఆగింది. హైందవి ఏడుపు కూడా ఆగింది. చాలాసేపటికి కోదండరాం గొంతు వచ్చింది, చిన్నపిల్లవాడు అడిగినట్టు.

“నువ్వు ఆడుంటే, మరి నన్ను తోస్తా ఉండే ఈ మనిషి ఎవురన్నా?”